విశాఖపట్నంలో జాతీయ పతాక మర్యాద

జాతీయ పతాకాన్ని ఎక్కడ ఎగరవేయాలి, ఎప్పుడు దించాలి, మరో జెండా పక్కన ఉంటే ఏ వైపు ఉంచాలి, చిరిగిపోతే ఏం చేయాలి అన్న నియమాలూ వాడుకలూ కలిసి పతాక మర్యాద అవుతాయి. భారతదేశంలో ఇందులో కొంత పార్లమెంటు చేసిన చట్టం, కొంత కేంద్ర హోంశాఖ ఇచ్చిన నియమావళి, మిగతాది అలవాటు. విశాఖపట్నంలో వీటికి ఓడల సంప్రదాయం తోడైంది. పెద్ద రేవు, తూర్పు నౌకాదళ ప్రధాన స్థావరం, ఓడలు కట్టే యార్డు, ప్రభుత్వ రంగ ఉక్కు కర్మాగారం ఒకే ఊళ్లో ఉండటంతో పతాక నియమాల్లో చాలా భాగం ఇక్కడ ఏదో ఒక కర్ర మీద అమలవుతూ కనిపిస్తుంది. చాలా ఊళ్లకు జెండా అంటే ఆగస్టు 15, జనవరి 26. రేవులో మాత్రం అది రోజువారీ పని. ఓడకైతే అది గుర్తింపు పత్రం కూడా. ఈ తేడా పట్టుకోకపోతే విశాఖ తీరంలో కనిపించే జెండాల్లో సగం అర్థం కావు.

పతాకం, ఆంధ్ర సంబంధం

మువ్వన్నెల జెండా చరిత్రలో తెలుగు వారి వాటా ప్రసిద్ధమే. కృష్ణా జిల్లా భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్య 1916లో జాతీయ జెండా ఆవశ్యకత మీద, దాని నమూనాల మీద ఇంగ్లీషులో ఒక చిన్న పుస్తకం వేశారు. అప్పట్లో ఆయన మచిలీపట్నం ఆంధ్ర జాతీయ కళాశాలతో సంబంధం ఉన్న మనిషి. 1921లో మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశమైనప్పుడు ఎరుపు, ఆకుపచ్చ రంగులతో గీసిన నమూనాను గాంధీజీకి ఇచ్చారు. జలంధరుకు చెందిన లాలా హన్స్‌రాజ్ సూచించిన రాట్నం అందులో చేరింది. తెల్ల రంగు గాంధీజీ మాట మీద వచ్చింది. 1931లో కాంగ్రెస్ రంగులను సవరించి కాషాయం, తెలుపు, ఆకుపచ్చగా స్థిరపరచింది. 1947 జూలై 22న జవహర్‌లాల్ నెహ్రూ ప్రతిపాదించగా రాజ్యాంగ సభ ఇప్పటి పతాకాన్ని ఆమోదించింది. రాట్నం స్థానంలో 24 ఆకుల ముదురు నీలం అశోక చక్రం వచ్చింది. కాబట్టి ఇప్పటి పతాకం మొత్తాన్ని వెంకయ్య ఒక్కరే గీశారనడం ఆయన మీది అభిమానంతో కొంత సాగదీసిన మాట. ఆయన నమూనా లేకుండా ఇది ఇలా ఉండేది కాదన్నది మాత్రం నిజం.

ఆ రోజుల్లో జెండాకు మర్యాద చూపడం అంటే దెబ్బలకు సిద్ధపడటం. 1930లో మచిలీపట్నం కోనేరు సెంటర్లో తోట నరసయ్యనాయుడు జెండా ఎగరవేయబోతే పోలీసులు స్పృహ తప్పేదాకా లాఠీలతో కొట్టారు. 1923లో జబల్‌పూర్, నాగపూర్‌లలో జరిగిన జెండా సత్యాగ్రహం కూడా కర్ర పట్టుకుని వీధిలో నడిచే హక్కు కోసమే.

చట్టం, నియమావళి

స్వాతంత్ర్యం వచ్చాక చాలా ఏళ్లు సామాన్యుడు తన ఇంటి మీద జెండా పెట్టుకోగలిగింది కొన్ని జాతీయ దినాల్లోనే. 1950 నాటి చిహ్నాల చట్టం పతాకాన్ని వ్యాపార గుర్తుగా వాడటాన్ని నిషేధించింది. 1971 నాటి జాతీయ గౌరవ అవమాన నిరోధక చట్టం బహిరంగంగా గానీ, పదిమందికి కనిపించే చోట గానీ పతాకాన్ని కాల్చడం, చింపడం, తొక్కడం, పాడుచేయడం నేరమంది. మూడేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. పతాకాన్ని గౌరవించడాన్ని పౌరుల ప్రాథమిక విధుల్లో మొదటి దానిలోనే చేర్చింది 1976 నాటి 42వ రాజ్యాంగ సవరణ.

ఇంటి మీద జెండా ఎగరవేసే హక్కు వచ్చిన దారి విశాఖ ఉక్కు కర్మాగారం కాలనీ ఉక్కునగరం వాళ్లకు ఆసక్తి కలిగించేది, ఎందుకంటే ఆ వ్యాజ్యం మొదలైంది ఒక కర్మాగారం దగ్గరే. రాయగఢ్‌లోని తన కర్మాగారంలో జెండా ఎగరవేయకుండా అధికారులు అడ్డుకున్నారని నవీన్ జిందాల్ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లారు. 1995లో అక్కడ ఆయన గెలిచారు. కేంద్రం అప్పీలు మీద సుప్రీంకోర్టు 2004 జనవరి 23న తీర్పు ఇస్తూ, గౌరవంతో జెండా ఎగరవేయడం భావప్రకటన స్వేచ్ఛలో భాగమని, అయితే అది హద్దుల్లేని హక్కు కాదని చెప్పింది. ఈలోగా ప్రభుత్వమే భారత పతాక నియమావళి తెచ్చి 2002 జనవరి 26 నుంచి అమల్లో పెట్టింది. పౌరులు, ప్రైవేటు సంస్థలు, బడులు ఏ రోజైనా జెండా ఎగరవేయడానికి అప్పటి నుంచే వీలు కలిగింది.

తర్వాతి సవరణల్లో రెండింటిని గుర్తుంచుకోవాలి. 2021 డిసెంబరు 30 నాటి సవరణ చేతి వడుకు, చేతి నేతతో పాటు యంత్రంతో చేసిన, పాలియెస్టరు జెండాలను కూడా అనుమతించింది. 2022 జూలైలో, ఇంటింటా జెండా కార్యక్రమానికి ముందు, ఆరుబయట గానీ పౌరుల ఇళ్ల మీద గానీ ఉన్న జెండా రాత్రింబవళ్లు ఎగరవచ్చన్నారు. అంతకు ముందు సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం వరకే.

చట్టం ఇంత గట్టిగా లేని దేశాలూ ఉన్నాయి. అమెరికాలో పతాక నియమావళి ఉన్నా అది సలహా వంటిదే. జెండా కాల్చడం కూడా నిరసన తెలిపే హక్కు కిందికే వస్తుందని అక్కడి సుప్రీంకోర్టు 1989లో టెక్సాస్ వ్యాజ్యంలో తేల్చింది. మన కోర్టు, వాళ్ల కోర్టు ఒకే భావప్రకటన స్వేచ్ఛ నుంచి బయల్దేరి చెరో గట్టుకు చేరాయి.

నేల మీద జెండా

నియమావళి ప్రకారం కలెక్టరేట్లు, జైళ్లు, మునిసిపల్, జిల్లా పరిషత్ కార్యాలయాలు, ప్రభుత్వ రంగ సంస్థల కార్యాలయాలు వంటి ముఖ్యమైన భవనాల మీద పతాకం ఎగరాలి. రోజూ ఎగరవేసే అలవాటున్న భవనం మీద ఆదివారాలనీ సెలవులనీ మినహాయింపు లేదు, వాతావరణం ఎలా ఉన్నా సరే. ఎగరవేసేటప్పుడు చురుగ్గా పైకి లాగాలి, దించేటప్పుడు నెమ్మదిగా, హుందాగా దించాలి. బ్యూగిల్ ఊదే చోట ఆ ధ్వనితో సమానంగా తాడు కదలాలి. ఆవిష్కరణకు ముందు మడతలో పూలరేకులు పెట్టుకోవచ్చు. యూనిఫాం వేసుకున్నవాళ్లు సెల్యూట్ చేస్తారు, మిగతావాళ్లు నిటారుగా నిలబడతారు.

బడిలో జెండా వందనానికి కొలతలతో కూడిన ఏర్పాటు ఉంది. పిల్లలు మూడు వైపులా బారులు తీరి నిలబడాలి, నాలుగో వైపు జెండా కర్ర ఉండాలి. ప్రధానోపాధ్యాయుడు, విద్యార్థి నాయకుడు, జెండా ఎగరవేసే వ్యక్తి కర్రకు మూడడుగులు వెనక నిలబడాలి. విశాఖలో ఆగస్టు 15 ఉదయం బడి పిల్లలు ఎక్కువగా నిలబడేది ఎటు నీడ ఉంటే అటు. దాన్ని అపచారం అనుకోనక్కర్లేదు.

జెండా అడ్డంగా ఉన్నప్పుడు కాషాయం పైన ఉండాలన్నది అందరికీ తెలుసు. తలుపు మీదా గోడ మీదా నిలువుగా వేలాడదీసినప్పుడే తికమక. అప్పుడు కాషాయ పట్టీ జెండా కుడి వైపున, అంటే ఎదురుగా నిలబడి చూసేవాళ్లకు ఎడమ వైపున ఉండాలి. సభలో జెండా పెడితే వక్త వెనక, ఆయన తల కంటే ఎత్తులో ఉంచాలి. బల్ల మీద గుడ్డగా పరచకూడదు, వేదికకు తోరణంగా కట్టకూడదు, విగ్రహావిష్కరణకు ముసుగుగా వాడకూడదు. నేలను తాకనివ్వకూడదు, నీటిలో ఈడ్వనివ్వకూడదు. ఈ చివరి మాట తీరప్రాంత నగరాలకు ఇప్పుడు కొత్తగా పట్టింపులోకి వచ్చింది. సముద్రం అడుగున ఈదుతూ జెండా పట్టుకుని ఫొటోలు దిగడం మన తీరాల్లో ఒక వేడుకగా మారింది. సాహసంగా అది గొప్పగానే ఉంటుంది గానీ నియమాన్ని అక్షరాలా చదివేవాళ్లకు మింగుడు పడదు.

కారు మీద జెండా అందరికీ లేదు. రాష్ట్రపతి, ఉప రాష్ట్రపతి, గవర్నర్లు, ప్రధాని, మంత్రులు, సభాపతులు, సుప్రీంకోర్టు, హైకోర్టు న్యాయమూర్తులు వంటివారికే ఆ అధికారం. జిల్లా కలెక్టరు ఆ జాబితాలో లేరు, ఏ కర్మాగారం అధిపతీ లేరు. విదేశీ అతిథి ప్రభుత్వ కారులో వెళ్తే మన జెండా కుడి వైపున, ఆయన దేశపు జెండా ఎడమ వైపున కడతారు.

ఇతర దేశాల జెండాల సరసన

ఇంకో దేశపు జెండాతో కలిపి పెట్టినప్పుడు అన్ని జెండాలూ ఒకే కొలతలో ఉండాలి, ఏ దేశపు జెండా మరో దేశం జెండా కంటే ఎత్తున ఎగరకూడదు. వరసలో మనది కుడి చివర ఉంటుంది, మిగతావి దేశాల పేర్ల ఇంగ్లీషు అక్షర క్రమంలో సాగుతాయి. వలయంగా నిలిపితే మన జెండాతో మొదలుపెట్టి గడియారం ముల్లు తిరిగే దిక్కులో పెట్టుకుపోవాలి. రెండు కర్రలు అడ్డదిడ్డంగా దాటించి పెడితే మన జెండా కుడి వైపున, దాని కర్ర రెండో కర్రకు ముందు ఉండాలి.

ఈ నియమాలన్నీ విశాఖలో ఒకేసారి పరీక్షకు నిలిచింది 2016 ఫిబ్రవరిలో, అంతర్జాతీయ నౌకాదళ సమీక్షప్పుడు. సుమారు 50 దేశాల నౌకాదళాలు పాల్గొన్నాయి. ఫిబ్రవరి 6న రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ ఐఎన్ఎస్ సుమిత్ర మీద నుంచి సమీక్ష జరిపారు. మరునాడు రామకృష్ణా బీచ్ రోడ్డు మీద కవాతు సాగింది. ఇన్ని దేశాల జెండాలు ఒకే చోట ఎగిరినప్పుడు కుర్చీలు ఎవరికి ఎక్కడ వేయాలన్న దానికంటే, ఏ కర్ర ఎవరిదన్నదే సున్నితమైన సంగతి. అక్షర క్రమం అందుకే పుట్టింది. అది ఎవరి మీదా అభిమానం చూపదు. సమీక్షలకు సంబంధించి ఇంకో విశేషం ఉంది. రాష్ట్రపతికి 1950 నుంచి ఉన్న ప్రత్యేక పతాకాన్ని 1971 ఆగస్టు 15 నుంచి తీసేశారు. అప్పటి నుంచి రాష్ట్రపతి జెండా అంటే జాతీయ పతాకమే. విశాఖ జలాల్లో 2006లో అబ్దుల్ కలాం, 2022లో రామ్‌నాథ్ కోవింద్ కూడా నౌకాదళ సమీక్షలు జరిపారు.

ఓడల జెండాలు

డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కగా రేవులోకి వచ్చే ఓడను గట్టు మీద నుంచి చూస్తే మూడు నాలుగు జెండాలు కనిపిస్తాయి. అందులో ప్రతి దానికీ వేరే అర్థం.

వెనక కొన మీద ఎగిరే జెండా, అంటే ఎన్‌సైన్, ఆ ఓడ జాతీయతను చెబుతుంది. అంతర్జాతీయ సముద్ర చట్టం ప్రకారం ఓడ ఒక్క దేశపు జెండా కిందే నడవాలి. ఏ జెండా ఎగరవేస్తే ఆ దేశపు చట్టాలే ఆ ఓడకు వర్తిస్తాయి. యజమాని ఏ దేశం వాడన్న దానితో దీనికి పెద్దగా సంబంధం ఉండదు. అందుకే ఇక్కడికి బొగ్గు, ఇనుప ఖనిజం, ముడిచమురు కోసం వచ్చిపోయే విదేశీ ఓడల వెనక పనామా, లైబీరియా, మార్షల్ దీవుల జెండాలు ఎక్కువగా కనిపిస్తాయి. భారత వాణిజ్య ఓడల వెనక మాత్రం మువ్వన్నెల జెండా ఉండదు. ఎర్ర గుడ్డ, దాని పై మూలలో చిన్న త్రివర్ణం ఉన్న ఎర్ర ఎన్‌సైన్ ఉంటుంది. తీరరక్షక దళం జెండా ఇదే పద్ధతిలో నీలం రంగుది. బీచ్‌కు వచ్చినవాళ్లు ఆ ఎర్ర జెండా చూసి ఏదో కార్మిక సంఘం ఓడ అనుకోవడం కద్దు.

ఈ ఎర్ర జెండా బ్రిటిష్ కాలం నుంచి వచ్చింది. 1933 అక్టోబరు 7న సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ వారి ‘జలదుర్గ’ రావడంతో విశాఖ రేవు రాకపోకలకు తెరుచుకుంది. వైస్రాయ్ లార్డ్ విల్లింగ్డన్ అదే ఏడాది డిసెంబరు 19న లాంఛనంగా ప్రారంభించారు. భారతీయుల సొత్తయిన ఓడ కూడా మూలలో యూనియన్ జాక్ ఉన్న జెండానే మోయాల్సిన కాలం అది. 1941 జూన్ 21న ఇక్కడ ఓడల యార్డుకు బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. 1948 మార్చి 14న, స్వతంత్ర భారతంలో కట్టిన మొదటి ఓడ ‘జల ఉష’ను నెహ్రూ నీటిలోకి దించారు. ఆ పదిహేనేళ్లలో మారింది జెండా మూల ఒక్కటే. ఎర్ర గుడ్డ అలాగే మిగిలింది, ఎందుకంటే సముద్రం మీద దూరం నుంచి వాణిజ్య ఓడను గుర్తుపట్టడానికి అది అలవాటైన రంగు.

విదేశీ ఓడ మన జలాల్లోకి వచ్చినప్పుడు స్తంభం కుడి వైపు తాడు మీద ఆతిథ్య దేశపు జెండా కూడా ఎగరవేస్తుంది. దీన్ని మర్యాద జెండా అంటారు. ఇంటికి వచ్చిన చుట్టం చెప్పులు గుమ్మం బయట విడిచినట్టు, ఇది మీ హద్దు అని ఒప్పుకోవడం. ఇది చట్టం కన్నా పాతది, దాదాపు ప్రతి రేవూ పట్టించుకునేది. చిరిగినదో తలకిందులైనదో కడితే ఓడ ఎక్కిన రేవు అధికారులకు మొదటి క్షణంలోనే ముఖం చిట్లుతుంది. త్రివర్ణాన్ని పోలిన జెండా నైజర్ దేశానిది, చక్రం బదులు నారింజ రంగు చుక్క ఉంటుంది. ఓడ మీద జెండాల పెట్టెలో ఈ రెండూ కలిసిపోయే భయం లేదు. నైజర్‌కు సముద్రమే లేదు.

మిగతావి సంకేత జెండాలు. పసుపు జెండా, ఓడలో అంటురోగం లేదు, లోపలికి రావడానికి అనుమతి ఇవ్వండి అని అడుగుతుంది. సగం తెలుపు, సగం ఎరుపు ఉంటే రేవు పైలట్ ఓడలో ఉన్నాడని. ఎర్ర జెండా ప్రమాదకర సరుకుకు గుర్తు. 1957 నుంచి ఇక్కడ చమురు శుద్ధి కర్మాగారం ఉండటంతో చమురు బెర్తుల దగ్గర అది తరచు కనిపిస్తుంది. నీలం మధ్యలో తెల్ల చతురస్రం ఎగిరితే ఓడ బయల్దేరబోతోంది, ఊళ్లోకి వెళ్లినవాళ్లు తిరిగి రావాలి. వీటిలో గౌరవం, అగౌరవం అనే మాట లేదు. తప్పు జెండా కడితే తప్పు సమాచారం వెళ్తుంది, అంతే.

నేల నియమానికీ నీటి సంప్రదాయానికీ నేరుగా చుక్కెదురయ్యే చోటు ఒకటుంది. జాతీయ పతాకాన్ని ఏ వ్యక్తికీ ఏ వస్తువుకీ వందనంగా వంచకూడదని నియమావళి కచ్చితంగా చెబుతుంది. సముద్రం మీద మాత్రం వాణిజ్య ఓడ యుద్ధనౌకను దాటిపోయేటప్పుడు తన వెనక జెండాను సగం దాకా దించి ఆగుతుంది. యుద్ధనౌక కూడా తన జెండాను దించి బదులిచ్చాక మళ్లీ పైకి లాగుతుంది. ఆ ఓడ వంచేది ఎర్ర ఎన్‌సైన్‌ను గానీ త్రివర్ణాన్ని కాదు కాబట్టి రెండు నియమాలూ ఒకదాన్నొకటి తాకకుండా తప్పించుకుంటాయి.

వాహనం, పడవ, రైలు కప్పు మీదా పక్కలకూ జెండాను పరచకూడదన్న నిషేధం చేపల రేవుకు వర్తిస్తుంది. పండగ రోజుల్లో మరపడవకు జెండా కట్టాలనుకుంటే నిలువు కర్రకు కట్టాలి గానీ పడవ పక్క చెక్కకు కొట్టకూడదు.

నౌకాదళ పతాకం

తూర్పు నౌకాదళ కమాండ్ 1968 మార్చి 1న విశాఖ కేంద్రంగా ఏర్పడింది. రేవులో లంగరు వేసి ఉన్న యుద్ధనౌకకు ముందు కొన మీద జాతీయ పతాకం, వెనక కొన మీద నౌకాదళ ఎన్‌సైన్ ఎగురుతాయి. ఉదయం ఎగరవేయడం, సూర్యాస్తమయానికి దించడం రెండూ రోజూ జరిగే లాంఛనాలు. ఆ సమయానికి డెక్కు మీద ఉన్న ప్రతివాడూ చేతిలో పని ఆపి జెండా వైపు తిరుగుతాడు. ఓడ బయల్దేరి లంగరు ఎత్తగానే ముందు జెండా దిగిపోతుంది, వెనకది ఉండిపోతుంది.

ఈ ఎన్‌సైన్ చాలాసార్లు మారింది. 1950 నుంచి 2001 దాకా తెలుపు మీద ఎర్ర శిలువ, మూలలో త్రివర్ణం. 2001లో వలస పాలన గుర్తని శిలువను తీసేసి నీలం రంగు నౌకాదళ చిహ్నం పెట్టారు. ఆకాశం, సముద్రం రంగులో అది కలిసిపోయి దూరానికి ఆనవాలు చిక్కడం లేదని 2004లో శిలువను తిరిగి తెచ్చి, మధ్యలో జాతీయ చిహ్నం చేర్చారు. 2014లో చిహ్నం కింద ‘సత్యమేవ జయతే’ చేరింది. 2022 సెప్టెంబరు 2న కొచ్చిలో విక్రాంత్ నౌకాదళంలో చేరిన సందర్భంగా ఇప్పటి రూపం వచ్చింది: శివాజీ ముద్ర స్ఫూర్తితో ఎనిమిది పలకల నీలం గుర్తు, మూలలో త్రివర్ణం. ఇన్ని మార్పుల్లో 2004 నాటిదే చాలా చెబుతుంది. అర్థం ఎంత గొప్పదైనా కనిపించని జెండా సముద్రం మీద పనికిరాదు.

నౌక సేవ ముగించే రోజున ఎన్‌సైన్‌ను సూర్యాస్తమయ వేళ చివరిసారి దించుతారు. ఆ తర్వాత ఆ ఓడకు జెండా మర్యాదలు ఉండవు. రామకృష్ణా బీచ్‌లో ఒడ్డున నిలిపిన కురుసుర జలాంతర్గామి ఇందుకు అరుదైన మినహాయింపు. 1969 డిసెంబరు 18న నౌకాదళంలో చేరి 2001 ఫిబ్రవరి 27న విరమించి, 2002లో ప్రదర్శనశాలగా మారిన ఈ జలాంతర్గామికి, పండగ రోజుల్లో ముందు కొన నుంచి వెనక కొన దాకా సంకేత జెండాల తోరణం కట్టే గౌరవం ఇంకా దక్కుతోంది. సాధారణంగా అది పనిలో ఉన్న నౌకలకే.

ఉక్కు కర్మాగారంలో

‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ నినాదంతో సాగిన ఉద్యమంలో 1966 నవంబరు 1న విశాఖలో కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. ప్రభుత్వ రంగ సంస్థ కాబట్టి జెండా విషయంలో ఇది కలెక్టరేటుతో సమానం. కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం కవాతుతో జాతీయ దినాలు జరుపుతుంది.

కర్మాగారం గేట్ల దగ్గర అసలు చిక్కు వేరు. అక్కడ కార్మిక సంఘాల జెండా దిమ్మెలు వరసగా ఉంటాయి. జాతీయ పతాకం కంటే ఎత్తున గానీ, దాని పక్కన సమానంగా గానీ ఇతర జెండాలేవీ ఉండకూడదని నియమావళి అంటుంది. అందుకని ధర్నా శిబిరంలో సంఘాల జెండాల మధ్య త్రివర్ణం కట్టాలనుకున్నవాళ్లు దాన్ని విడిగా, మిగతా వాటికంటే ఎత్తున కట్టాలి. ఒకే వెదురుకు రెండు జెండాలు కట్టడం తప్పు. ఊరేగింపులో అయితే త్రివర్ణం నడిచేవాళ్లకు కుడి చివర గానీ, వరస మధ్యన అందరికంటే ముందు గానీ సాగాలి. 2021 జనవరి 27న పెట్టుబడుల ఉపసంహరణకు కేంద్రం సూత్రప్రాయంగా ఒప్పుకున్న తర్వాత కూర్మన్నపాలెం వైపు నిరసనలు సాగిన రోజుల్లో ఇవి పుస్తకాల్లోని ప్రశ్నలు కావు. కాంగ్రెస్ పార్టీ జెండా కూడా మూడు రంగులదే కానీ దాని మధ్యలో చక్రం ఉండదు, చేయి గుర్తు ఉంటుంది. దానికి ఈ నియమాలు వర్తించవు. జెండా పట్టుకోవడం వల్ల నిరసన గౌరవప్రదం కాదు, అగౌరవమూ కాదు. జెండాను కర్రగా మార్చి ఎవరినైనా పొడిస్తేనే అగౌరవం.

సంతాప సమయంలో

ప్రభుత్వం సంతాపదినం ప్రకటించినప్పుడు జెండాను అవనతం చేస్తారు. నేరుగా సగం దాకా లాగి ఆపేయడం చాలాచోట్ల కనిపించే పొరపాటు. ముందు కొస దాకా ఎగరవేయాలి, అక్కడి నుంచి సగానికి దించాలి. సాయంత్రం దించేముందు కూడా మళ్లీ కొసకు లాగి, ఆపైన కిందికి తేవాలి. జనవరి 26, ఆగస్టు 15, అక్టోబరు 2 వంటి దినాల్లో సంతాపం వచ్చినా, భౌతికకాయం ఉన్న భవనం మీద తప్ప మరెక్కడా అవనతం చేయరు. ప్రభుత్వ, సైనిక లాంఛనాల అంత్యక్రియల్లో శవపేటికపై కప్పే జెండాలో కాషాయం తల వైపు ఉండాలి. దాన్ని సమాధిలోకి దించకూడదు, చితిలో కాల్చకూడదు.

మైదానంలో, వీధిలో

2005లో చట్టానికి చేసిన సవరణతో నడుము పైన వేసుకునే బట్టల మీద పతాకం రూపం ఉండవచ్చన్నారు. నడుము కింద, లోదుస్తుల మీద, దిండ్ల మీద, చేతి రుమాళ్ల మీద కూడదు. జెండా మీద ఏ రాతా రాయకూడదు. అదే ఏడాది ఏప్రిల్ 5న విశాఖలోని ఇప్పటి క్రికెట్ మైదానంలో మొదటి వన్డే జరిగింది. పాకిస్తాన్ మీద మహేంద్రసింగ్ ధోనీ 148 కొట్టిన ఆట అది. క్రికెట్ మైదానాల్లో ఊరి పేరో ఆటగాడి పేరో పెద్ద అక్షరాల్లో రాసిన జెండాలు పట్టుకోవడం మన దేశంలో సాధారణమైన దృశ్యం. చట్టం ప్రకారం అది తప్పు, ఉద్దేశం ప్రకారం అభిమానం. పోలీసులు ఎక్కువగా రెండోదాన్నే చూస్తారు, అదే సబబు.

కాగితపు జెండాలు పిల్లలు ఊపవచ్చు, వేడుక అయ్యాక పారేయకూడదు. ప్లాస్టిక్ జెండాలు వాడవద్దని హోంశాఖ ఏటా రాష్ట్రాలకు గుర్తు చేస్తుంది, ఎందుకంటే అవి మట్టిలో కలవవు, వాటిని గౌరవంగా పారవేయడమూ కష్టం. ఆగస్టు 16 ఉదయం బీచ్ రోడ్డు ఊడ్చేవాళ్లకు ఈ సర్క్యులర్ అర్థం వివరంగా తెలుసు.

గుడ్డ, కొలతలు, ఉప్పుగాలి

జెండా నిడివి, వెడల్పు 3:2 నిష్పత్తిలో ఉండాలి. నియమావళిలో 9 కొలతలున్నాయి, పెద్దది 6300 × 4200 మి.మీ., చిన్నది 150 × 100 మి.మీ. కారుకు 225 × 150, బల్ల మీదికి 150 × 100. భారత ప్రమాణాల సంస్థ పతాకానికి ఇచ్చిన ప్రమాణం సంఖ్య ఒకటి. దాని ప్రకారం 900 × 600 జెండాలో చక్రం వ్యాసం 185 మి.మీ. ఉండాలి. రెండు వైపులా చక్రం కనిపించాలి. ప్రమాణాలకు సరిపడే ఖాదీ జెండాల తయారీలో కర్ణాటక హుబ్బళ్లి దగ్గరి బెంగేరి కేంద్రానికి పేరు. విశాఖకు దగ్గరలోని పొందూరు సన్నఖాదీకి ప్రసిద్ధే అయినా జెండాకు కావాల్సింది గాలిని తట్టుకునే మందపు గుడ్డ.

తీరంలో జెండాకు అసలు శత్రువు గాలి. ఉప్పు తేమ గుడ్డను బిరుసు చేస్తుంది, గాలి విసురుకు స్వేచ్ఛగా కొట్టుకునే అంచు పీచులు పీచులుగా లేస్తుంది, ఎండకు కాషాయం వెలిసిపోతుంది. ఎంత పెద్ద జెండా అయితే గాలి పట్టు అంత ఎక్కువ. హైదరాబాద్ సంజీవయ్య పార్కులో 2016 జూన్ 2న 291 అడుగుల కర్ర మీద ఎగరవేసిన జెండా సముద్రం లేని ఊళ్లోనే పదేపదే చిరిగింది. విశాఖలో 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు చెట్లు, స్తంభాలే నిలవలేదు. వాతావరణం ఎలా ఉన్నా ఎగరాలన్న నియమానికీ, చిరిగిన జెండాను ప్రదర్శించకూడదన్న నియమానికీ మధ్య తీరంలోని కార్యాలయాలు తుపాను హెచ్చరిక నాడు తమకు తామే దారి వెతుక్కోవాలి. అదనపు జెండా బీరువాలో ఉంచుకోవడం, గిలకకు జంగు పట్టకుండా నూనె వేయడం, తాడు ఏటా మార్చడం వంటి పనులు నియమావళిలో లేవు. అవి లేని చోట మిగతా నియమాలు అమలు కావు కూడా.

దించిన జెండాను మడిచే పద్ధతి 2022 నుంచి విస్తృతంగా ప్రచారమైంది. అడ్డంగా పరచి, కాషాయ, ఆకుపచ్చ పట్టీలను తెల్ల పట్టీ కిందికి మడవాలి. తర్వాత రెండు కొసల నుంచి మధ్యకు మడుస్తూ, పైన చక్రమూ, కాషాయ, ఆకుపచ్చ అంచులూ మాత్రమే కనిపించేలా చేయాలి. అరచేతుల మీద మోసుకెళ్లి భద్రపరచాలి. పనికిరాకుండా పోయినదాన్ని చెత్తలో వేయకూడదు, ముక్కలు చేసి తుడుపుగుడ్డలు చేయకూడదు. పదిమంది కంటపడకుండా, మొత్తంగా, కాల్చి గానీ గౌరవానికి భంగం రాని మరో పద్ధతిలో గానీ నాశనం చేయాలి.